రూట్‌కి కూడా "కుదరదు" అనాలా?

ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో ఫైల్ పర్మిషన్ల పాఠం చివర ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: "ఈ నియమాలేవీ రూట్ యూజర్‌కి వర్తించవు." రెండు మార్కుల ప్రశ్నకి ఆ జవాబు చాలు. కానీ లైనక్స్ ముందు కూర్చుని చూస్తే అది పూర్తిగా నిజం కాదని తెలుస్తుంది. రూట్‌గా లాగిన్ అయ్యాక కూడా కొన్ని పనులు చెయ్యబోతే సిస్టమ్ మొహం మీదే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటుంది. మరికొన్ని అంతకంటే ప్రమాదకరమైన పనులు చేస్తే మాత్రం కిక్కురుమనకుండా చేసేసి, ప్రాంప్ట్ తిరిగి ఇచ్చేస్తుంది.

ఏ పనికి కాదనాలి, ఏ పనికి సరే అనాలి అన్నది ఎవరు నిర్ణయించారు? అడ్మినిస్ట్రేటర్ అంటే యంత్రానికి యజమాని కదా, అతన్ని ఆపే హక్కు ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఉందా? ఈ వ్యాసంలో చూడబోయేది ఇదే. ఇదేదో డేటా సెంటర్లో పనిచేసేవాళ్ల గొడవ అనుకోకండి. మన హాస్టల్లో ఎన్ని ల్యాప్‌టాప్‌లున్నాయో అంతమంది అడ్మిన్‌లున్నారు. "సుడో" కొట్టిన ప్రతిసారీ ఆ కుర్చీలో కూర్చునేది మనమే.

చెరిపేయడం అంటే ఏం జరుగుతుంది?

ముందు కొంచెం నేపథ్యం. "ఆర్ఎం" కమాండ్ ఫైల్‌లోని డేటాని తుడిచెయ్యదు. డైరెక్టరీలో ఆ ఫైల్ పేరున్న వరసని తీసేస్తుంది, ఐనోడ్‌లో ఉన్న లింకుల లెక్కని ఒకటి తగ్గిస్తుంది. ఆ లెక్క సున్నా అయ్యి, ఏ ప్రాసెస్ కూడా ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకోకపోతే, ఆ బ్లాకులు ఖాళీగా ఉన్నాయని ఫైల్‌సిస్టమ్ రాసుకుంటుంది. అంతే. పుస్తకం చింపడం కాదు, విషయసూచికలోంచి పేరు కొట్టెయ్యడం లాంటిది. అందుకే అది అంత వేగంగా అయిపోతుంది. డెస్క్‌టాప్ మీద కనిపించే రీసైకిల్ బిన్, ట్రాష్ లాంటివి పైనున్న ప్రోగ్రాములు పెట్టుకున్న ఏర్పాట్లు. కెర్నల్‌కి వాటితో సంబంధం లేదు. పైగా ఎస్ఎస్‌డీల్లో ట్రిమ్ పనిచేస్తుంటే, ఆ బ్లాకులు ఇక అక్కర్లేదని డ్రైవ్‌కి కూడా కబురు వెళ్తుంది. ఆ తర్వాత తిరిగి తెచ్చుకోవడం మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఈ వేగం ఎంత నష్టం చేస్తుందో గిట్‌ల్యాబ్ సంఘటన చెబుతుంది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీరు ఒకరు రెండో డేటాబేస్ సర్వర్లో ఖాళీ అనుకున్న డైరెక్టరీని తీసెయ్యబోయి, అదే కమాండ్ అసలు సర్వర్లో ఇచ్చారు. ఒకట్రెండు సెకన్లలోనే సంగతి గ్రహించి ఆపారు. అప్పటికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. కమాండ్ సరైనదే, అధికారం సరైనదే, సర్వర్ మాత్రమే వేరు. ఇలాంటి చోట పర్మిషన్లు ఏ సాయం చెయ్యలేవు, ఎందుకంటే ఆ మనిషికి నిజంగానే ఆ హక్కు ఉంది. మన చర్చ మొదలయ్యేది ఇక్కడే: హక్కు ఉన్నవాడు పొరపాటు చేస్తే అడ్డుపడాల్సింది ఎవరు?

కెర్నల్ ఎప్పటినుంచో కాదంటున్నవి

"రూట్ ఏమన్నా చెయ్యొచ్చు" అనేవాళ్లు మర్చిపోయే విషయం ఒకటుంది. కొన్ని పనులకి కెర్నల్ రూట్‌కి కూడా ఒప్పుకోదు, దాని గురించి ఎవరూ గొడవ పెట్టుకోరు కూడా.

ఉదాహరణకి డైరెక్టరీకి హార్డ్ లింక్. ఫైల్‌కి ఎన్ని హార్డ్ లింకులైనా పెట్టుకోవచ్చు. డైరెక్టరీకి పెట్టబోతే లైనక్స్ రూట్‌ని కూడా తిప్పి పంపేస్తుంది. తొలినాటి యూనిక్స్‌లో ఈ అడ్డు లేదు, సూపర్ యూజర్ పెట్టుకోగలిగేవాడు. నిజానికి అప్పట్లో కొత్త డైరెక్టరీ తయారుచెయ్యడానికి విడిగా సిస్టమ్ కాల్ ఉండేది కాదు. "ఎంకేడీఐఆర్" అన్న ప్రోగ్రామే రూట్ అధికారంతో నడిచి, డాట్, డాట్ డాట్ లింకులు తానే చేత్తో కట్టేది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో ఆ పనికి ప్రత్యేకంగా సిస్టమ్ కాల్ వచ్చింది. ఆ తర్వాత రూట్‌కి డైరెక్టరీలు లింక్ చేసే అవసరమూ పోయింది.

ఎందుకు కాదనాలి? ఒక డైరెక్టరీ లోపల దాని తాత డైరెక్టరీకే లింక్ పెట్టారనుకోండి. చెట్టులా ఉండాల్సింది గానుగెద్దు దారిలా తయారవుతుంది. లోపలికి వెళ్లిన ప్రోగ్రాము తిరిగి బయటికి రాదు. ఆ గుండ్రాన్ని బయటి నుంచి తెంచేస్తే లింకుల లెక్క ఎప్పటికీ సున్నా కాదు, కాబట్టి ఆ చోటు ఎవరికీ అందకుండా పడి ఉంటుంది. పైకి వెళ్లడానికి డాట్ డాట్ అంటే ఇద్దరు తల్లుల్లో ఎవరు? ఈ నష్టం ఒక ఫైల్‌కి జరిగేది కాదు, ఫైల్‌సిస్టమ్ అనే లెక్కకే జరిగేది.

ఇంకొకటి స్వాప్ ఫైల్. వాడుకలో ఉన్న స్వాప్ ఫైల్‌ని రూట్‌గా చెరపబోయినా లైనక్స్ ఒప్పుకోదు. కారణం తేలికే. ఆ బ్లాకులు వేరే ఫైల్‌కి కేటాయిస్తే, కెర్నల్ తన మెమరీ పేజీలని తెలియకుండా ఆ ఫైల్ మీద రాసేస్తుంది. ముందు స్వాప్ ఆపుకుని రమ్మంటుంది, ఆపాక మారు మాట్లాడదు.

ఇంత జాగ్రత్తగా ఉండే కెర్నలే ఇంకోచోట గేట్లు బార్లా తెరిచి పెట్టింది. మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద "డీడీ" కమాండ్‌తో నేరుగా బైట్లు గుమ్మరిస్తే మామూలు లైనక్స్ ఏమీ అనదు. పెన్‌డ్రైవ్‌కి రాయబోయి ఒక అక్షరం తేడాతో హార్డ్‌డిస్క్‌కి రాసుకున్నవాళ్ల కథలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి. దీన్ని ఆపే వీలు లైనక్స్ కెర్నల్లోకి 6.8 వెర్షన్‌తో, అంటే 2024లో వచ్చింది. అది కూడా కెర్నల్ కట్టేటప్పుడు ఎంచుకోవాల్సిన ఆప్షన్‌గానే. అలా వదిలేస్తే పాత పద్ధతే నడుస్తుంది. ఇన్నాళ్లు ఎందుకు పట్టిందంటే, మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద రాసే మంచి ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. ఈఎక్స్‌టీ4 సెట్టింగులు మార్చే "ట్యూన్2ఎఫ్ఎస్" అలాగే పనిచేస్తూ వచ్చింది. తలుపు వేసేస్తే దొంగతో పాటు చుట్టాలు కూడా బయటే ఉండిపోతారు.

ఫ్రీబీఎస్‌డీ వాళ్లు ఈ నిర్ణయం చాలా ముందే తీసుకున్నారు. అక్కడ మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద నేరుగా రాయబోతే రూట్‌కి కూడా కుదరదు. తప్పదనుకుంటే ఒక డీబగ్ ఫ్లాగ్ మార్చుకోవాలి. ఆ ఫ్లాగ్‌కి మాన్యువల్లో పెట్టిన పేరుకి అర్థం "కాలు కాల్చుకోనివ్వు" అని. అడ్డు ఉంది, తాళంచెవి యజమాని చేతిలోనే ఉంది, తాళంచెవి మీద హెచ్చరిక కూడా రాసి ఉంది. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆర్ఎం ఎలా నేర్చుకుంది?

అందరికీ తెలిసిన భూతం "ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ స్లాష్". మొత్తం చెట్టుని వేర్లతో సహా చెరిపెయ్యమని అర్థం. దీనికి అడ్డు ఎలా వచ్చిందో చూస్తే మనుషుల ఆలోచన మారిన తీరు కనిపిస్తుంది.

1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే "ఆర్ఎం" డాట్ డాట్‌ని చెరపనని చెప్పేది. చుక్కతో మొదలయ్యే ఫైళ్లన్నీ తీసేద్దామని "డాట్ స్టార్" అని కొడితే, ఆ నమూనాకి డాట్ డాట్ కూడా సరిపోతుంది. అంటే పై డైరెక్టరీ, అందులోని మిగతా అందరి సామాను కూడా పోతుంది. దాన్ని ఆపడానికే ఈ నిషేధమని ఆ కాలపు మాన్యువల్లోనే వివరంగా రాశారు. యూనిక్స్ యూజర్‌ని నమ్ముతుంది, అడ్డుపడదు అని గొప్పగా చెప్పే ఆ తొలి రోజుల్లోనే ఈ చిన్న కంచె ఉందన్నమాట.

స్లాష్ వంతు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. సన్ కంపెనీ సొలారిస్ 10లో దీన్ని ఆపేశారు. స్టాండర్డ్‌కి విరుద్ధం కదా అన్న ప్రశ్నకి అక్కడి వాళ్లు ఇచ్చిన జవాబు మన లాజిక్ సబ్జెక్టుకి పనికొస్తుంది: స్లాష్‌ని చెరిపితే ఎప్పుడో ఒకప్పుడు మనం నిలబడి ఉన్న డైరెక్టరీని కూడా చెరపాలి, దాన్ని చెరపకూడదని స్టాండర్డే అంటోంది, కాబట్టి మొదలుపెట్టకముందే కాదనడం నియమబద్ధమే. గ్నూ కోర్‌యుటిల్స్‌లో 2006 నుంచి ఇది మామూలు ప్రవర్తన అయింది. 2008 పోసిక్స్ స్టాండర్డ్‌లోకి కూడా ఎక్కింది. ఇప్పుడు మీ ఉబుంటులో ఆ పని నిజంగా కావాలంటే "నో ప్రిజర్వ్ రూట్" అన్న ఆప్షన్‌ని పూర్తిగా రాయాలి. మిగతా పొడుగు ఆప్షన్లని సగం రాసి వదిలేస్తే ప్రోగ్రామే పూరించుకుంటుంది, దీన్ని మాత్రం ప్రతి అక్షరమూ కొట్టాల్సిందే. వేళ్లు వాటంతట అవి కొట్టేసే అవకాశం ఉండకూడదన్నది ఉద్దేశం.

అయితే ఈ కాపలా ఎక్కడ నిలబడి ఉందో గమనించండి. కెర్నల్లో లేదు, "ఆర్ఎం" అనే ఒక్క ప్రోగ్రాములో ఉంది. "స్లాష్ స్టార్" అని కొడితే షెల్ ముందుగానే దాన్ని బిన్, బూట్, ఈటీసీ, హోమ్ అని విడగొట్టి ఇస్తుంది. "ఆర్ఎం" చూసే జాబితాలో స్లాష్ అన్నదే ఉండదు. కాబట్టి అడ్డు చెప్పదు. పైథాన్‌లో నాలుగు లైన్లు రాసినా అంతే. ముందు గుమ్మానికి గొళ్లెం పెట్టి పెరటి తలుపు తీసి ఉంచినట్టు.

చెయ్యి మనిషిది కాకపోతే

ఇప్పటిదాకా కమాండ్ కొట్టేది మనిషే అనుకున్నాం. అసలు పెద్ద నష్టాలు చాలావరకు స్క్రిప్టుల వల్ల జరుగుతాయి.

2011లో బంబుల్‌బీ అనే లైనక్స్ గ్రాఫిక్స్ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక పాత్ మధ్యలో పొరపాటున ఖాళీ పడింది. "యూఎస్ఆర్" డైరెక్టరీ లోపలున్న ఒక చిన్న ఫోల్డర్‌ని తీసెయ్యాల్సింది పోయి, ఆ ఒక్క స్పేస్ వల్ల మొత్తం "యూఎస్ఆర్"నే తీసెయ్యమని అర్థమైంది. ఇన్‌స్టాల్ కాబట్టి నడిపేది రూట్ అధికారంతో.

2015 జనవరిలో లైనక్స్ స్టీమ్ ప్రోగ్రాము స్క్రిప్టులో ఇంకోరకం తప్పు బయటపడింది. ఒక వేరియబుల్‌లో ఉన్న పాత్ కింద అన్నీ చెరపమని ఒక లైన్ ఉంది. ఆ వేరియబుల్ ఖాళీగా ఉంటే మిగిలేది స్లాష్ స్టార్. గేమ్ ఫోల్డర్‌ని వేరేచోటికి మార్చుకున్న కొందరికి సరిగ్గా అదే జరిగింది. ఇక్కడ రూట్ కూడా లేదు. మామూలు యూజర్ అధికారంతోనే అతను రాయగలిగిన ఫైళ్లన్నీ, తగిలించి ఉన్న బ్యాకప్ డ్రైవ్‌తో సహా పోయినట్టు ఫిర్యాదు వచ్చింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లో పోయినవి సిస్టమ్ ఫైళ్లు. ఒక పెన్‌డ్రైవ్, గంట సమయం ఉంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. రెండో దాంట్లో పోయినవి సొంత ఫైళ్లు. ఫైనలియర్ ప్రాజెక్టు కోడ్, అక్క పెళ్లి ఫొటోలు, రాసుకున్న కథలు. వాటిని ఏ వెబ్‌సైట్ నుంచీ డౌన్‌లోడ్ చేసుకోలేం. కానీ పర్మిషన్ల ఏర్పాటు మొత్తం మొదటి రకాన్ని కాపాడడానికే కట్టారు. మళ్లీ తెచ్చుకోగలిగే దానికి రూట్ పాస్‌వర్డ్ కాపలా ఉంది, మళ్లీ తెచ్చుకోలేనిది వరండాలో పడి ఉంది. చాలామంది కూర్చుని వాడుకునే ఉమ్మడి యంత్రాల కాలంలో ఇది సబబే, ఎందుకంటే సిస్టమ్ అందరిదీ. ఒక మనిషికి ఒక ల్యాప్‌టాప్ ఉన్న కాలంలో లెక్క తిరగబడింది.

యంత్రమే లేవకపోతే

ఫైళ్లు పోతే పోయాయి, యంత్రం ఉంది కదా అనుకునే ధైర్యాన్ని 2016 దెబ్బతీసింది. యూఈఎఫ్ఐ ఉన్న కంప్యూటర్లలో బూట్ సెట్టింగులు మదర్‌బోర్డు మీదున్న చిప్‌లో ఉంటాయి. లైనక్స్ వాటిని మామూలు ఫైళ్లలా ఒక డైరెక్టరీలో చూపిస్తుంది. "అన్నీ ఫైళ్లే" అన్న యూనిక్స్ సిద్ధాంతం ఇక్కడ ఎదురు తిరిగింది. ఎలాగూ ఫార్మాట్ చేస్తున్నాం కదా అని ఒకరు మొత్తం చెరిపే కమాండ్ ఇస్తే, అది ఈ ఫైళ్ల మీద కూడా నడిచింది. ఆ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ సరిగ్గా రాయలేదు కాబట్టి, ఆ సెట్టింగులు లేకపోయేసరికి యంత్రం అసలు లేవడమే మానేసింది. కొత్త డిస్క్ పెట్టినా లాభం లేదు.

తప్పెవరిది అన్నదాని మీద పెద్ద చర్చ జరిగింది. ఫర్మ్‌వేర్ రాసినవాళ్లదే అసలు తప్పు, అందులో అనుమానం లేదు. సిస్టమ్‌డీ డెవలపర్లేమో బూట్ మార్చే ప్రోగ్రాములకి ఆ డైరెక్టరీలో రాసే వీలు కావాలన్నారు, రూట్ తలుచుకుంటే పాడుచెయ్యడానికి ఇంకా ఎన్నో దారులున్నాయన్నారు. చివరికి కెర్నల్ 4.5లో మధ్యేమార్గం దొరికింది. చెరిపినా పర్వాలేదని తెలిసిన కొన్ని వేరియబుల్స్ తప్ప మిగతావన్నీ "మార్చకూడనివి" అన్న గుర్తుతోనే కనిపిస్తాయి. నిజంగా చెరపాలంటే రూట్ ముందు ఒక్కో దాని గుర్తు తీసి, తర్వాత చెరపాలి. పని ఆగలేదు, ఒక అడుగు పెరిగింది. చెత్త ఊడ్చినట్టు ఊడ్చేసే కమాండ్ ఆ అడుగు వెయ్యలేదు, తెలిసి చేసే మనిషి వెయ్యగలడు.

తాళంచెవి ఎవరి దగ్గర?

యాపిల్, మైక్రోసాఫ్ట్ ఇంకా గట్టి దారి పట్టాయి. విండోస్ విస్టా నుంచి సిస్టమ్ ఫైళ్లకి యజమాని అడ్మినిస్ట్రేటర్ కాడు, "ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్" అనే సర్వీస్. అడ్మిన్ వాటిని ముట్టుకోవాలంటే ముందు యాజమాన్యం తన పేరు మీదికి మార్చుకోవాలి. మాక్‌లో 2015లో వచ్చిన సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ ఇంకో మెట్టు ఎక్కింది. నడుస్తున్న సిస్టమ్‌లో రూట్‌కి కూడా సిస్టమ్ డైరెక్టరీలు మార్చే వీలు లేదు. అది తీసెయ్యాలంటే యంత్రం ఆపి, రికవరీ మోడ్‌లోకి వెళ్లి, అక్కడ కమాండ్ ఇవ్వాలి.

ఇది అనవసరమైన పెత్తనం అన్నవాళ్లు చాలామంది. కానీ 2019 సెప్టెంబర్‌లో జరిగింది చూడండి. గూగుల్ క్రోమ్ అప్‌డేట్ ప్రోగ్రాములో ఒక తప్పు వల్ల, మాక్‌లో "వార్" అన్న ముఖ్యమైన సింబాలిక్ లింక్ పోయి యంత్రాలు బూట్ అవడం మానేశాయి. ఎవరివి? ఆ రక్షణని తీసేసుకున్నవాళ్లవి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లలో బయటి గ్రాఫిక్స్ కార్డుల కోసం రక్షణ తీసేసినవాళ్లున్నారు, దెబ్బ వాళ్లకి బాగా తగిలింది. రక్షణ ఉన్న యంత్రాల్లో అదే తప్పుడు కోడ్ ఏమీ చెయ్యలేకపోయింది.

ఇందులో నాకు నచ్చింది తాళంచెవిని పెట్టిన చోటు. దొంగ ప్రోగ్రాముకో తప్పుడు స్క్రిప్టుకో రూట్ అధికారం దొరకొచ్చు, కానీ రికవరీ మోడ్‌లోకి వెళ్లి మనిషిలా కూర్చుని కమాండ్ ఇవ్వడం దానివల్ల కాదు. బీఎస్‌డీల్లో సెక్యూర్ లెవెల్ అని పాత ఏర్పాటు ఒకటుంది, దానిదీ ఇదే తర్కం. లెవెల్ పెంచాక, కదపకూడదని గుర్తు పెట్టిన ఫైళ్లని రూట్ కూడా కదపలేడు. నడుస్తున్న సిస్టమ్‌లో లెవెల్ పెంచగలమే గానీ దించలేం, రీబూట్ చెయ్యాలి.

వద్దనేవాళ్ల మాట కూడా వినాలి

అడ్డులు వద్దనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. మూడు మాటలు ముఖ్యమైనవి.

మొదటిది అలవాటు. ప్రతిదానికీ "ఖాయమేనా?" అని అడిగితే మనిషి చదవడం మానేసి "అవును" నొక్కుతాడు. విస్టా అడిగిన ప్రశ్నలకి విసిగి ఆ ఏర్పాటునే తీసేసుకున్నవాళ్లు ఎందరో. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ ప్రశ్నలు తగ్గించాల్సి వచ్చింది. "ఆర్ఎం"ని ప్రతిసారీ అడిగేలా ఏలియాస్ పెట్టుకుంటే ఇంకో ప్రమాదం: ఆ ఏలియాస్ లేని సర్వర్‌కి వెళ్లిన రోజున, అడుగుతుందిలే అన్న ధీమాతో కొట్టేస్తాం.

రెండోది మరమ్మతు. యంత్రం చెడిపోయిన రోజునే అడ్మిన్‌కి ప్రమాదకరమైన పనులు చెయ్యాల్సి వస్తుంది. పార్టిషన్ టేబుల్ చేత్తో రాయాలి, బూట్ సెక్టార్ మార్చాలి. ఆపరేషన్ థియేటర్లో కత్తి ప్రమాదం అని తీసేస్తే డాక్టర్ ఏం చేస్తాడు?

మూడోది యాజమాన్యం. ఈ రోజు జాగ్రత్త పేరుతో వేసిన తాళం రేపు వ్యాపారం కోసం వేసే తాళం కావచ్చు. మన ఫోన్లే చూడండి. డబ్బులిచ్చి కొన్న యంత్రంలో మనకి రూట్ అధికారమే ఉండదు, కొన్ని మోడళ్లలో బూట్‌లోడర్ తెరుచుకునే దారి కూడా ఇవ్వరు. పొరపాటు నుంచి కాపాడడానికీ, యజమానిని గెంటెయ్యడానికీ వాడే టెక్నాలజీ ఒక్కటే. తేడా తాళంచెవిని ఎవరికిచ్చారన్నదే.

రైల్వే చెప్పే పాఠం

ఈ సమస్యని కంప్యూటర్ల కంటే ముందే ఎదుర్కొన్నవాళ్లు రైల్వేవాళ్లు. స్టేషన్ మాస్టర్‌కి తన స్టేషన్‌లో పూర్తి అధికారం ఉంటుంది. అయినా ఒకే పట్టా మీదికి రెండు రైళ్లు వచ్చేలా సిగ్నళ్లు ఇవ్వబోతే ఇంటర్‌లాకింగ్ ఒప్పుకోదు. అతని మీద నమ్మకం లేక కాదు, అర్ధరాత్రి రెండింటికి ఎవరికైనా నిద్ర ముంచుకొస్తుందని. మరి పరికరం చెడిపోతే? అప్పుడు వాడడానికి ప్యానెల్ మీద అత్యవసర బటన్లుంటాయి. వాటికి కౌంటర్ ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ అంకె ఒకటి పెరుగుతుంది, ఎందుకు నొక్కారో రిజిస్టరులో రాయాలి. అధికారం పోలేదు, దారి మూసుకుపోలేదు. కానీ పొరపాటున ఆ దారిలోకి వెళ్లడం కష్టం, వెళ్తే జాడ మిగులుతుంది.

ఇప్పటిదాకా చూసినవన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకుని సర్దితే, నాకు నాలుగు అరలు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఫైల్‌సిస్టమ్ లెక్కనే చెడగొట్టే పనులు. డైరెక్టరీ హార్డ్ లింకులు, నడుస్తున్న స్వాప్ ఫైల్ లాంటివి. వీటితో ఎవరికీ న్యాయమైన అవసరం లేదు. కెర్నలే కాదనాలి, బతిమాలినా వినకూడదు.

రెండు, బాగుచెయ్యలేని నష్టం. ఫర్మ్‌వేర్ సెట్టింగులు, మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద నేరుగా రాయడం. మామూలుగా కాదనాలి, యజమాని తెలిసి ఒక అడుగు వేస్తే ఒప్పుకోవాలి. ఫ్రీబీఎస్‌డీ ఫ్లాగ్, కెర్నల్ 4.5 గుర్తు ఈ కోవలోవే.

మూడు, పెద్దదే గానీ ఒక్కోసారి నిజంగా కావలసిన పని. పార్టిషన్ ఫార్మాట్ చెయ్యడం, సర్వర్ ఆపడం. ఇక్కడ "అవును, కాదు" అడగడం కంటే పేరు కొట్టించుకోవడం మేలు. డెబియన్‌లో "మాలీ గార్డ్" అని చిన్న ప్యాకేజీ ఉంది. దూరం నుంచి లాగిన్ అయి సర్వర్ ఆపబోతే, ఏ సర్వర్ ఆపుతున్నావో పేరు రాయమంటుంది. ఒకప్పుడు ఐబీఎం పెద్ద కంప్యూటర్ ఎర్ర బటన్‌ని ఒకే రోజు రెండుసార్లు నొక్కేసిన ఒక ప్రోగ్రామర్ చిన్నారి కూతురు పేరు అది, ఆ తర్వాత బటన్ మీద ప్లాస్టిక్ మూత పెట్టారట. గిట్‌ల్యాబ్ ఇంజినీరు లాగా వేరే సర్వర్లో ఉన్నామని గుర్తించనివాళ్లకి సరిగ్గా సరిపోయే ప్రశ్న ఇది. చేతికి అలవాటైన "వై" అక్షరం ఇక్కడ పనికిరాదు, సర్వర్ పేరు తలుచుకోవాలి.

నాలుగు, మామూలు ఫైళ్లు. ఇవే అన్నిటికంటే విలువైనవి, వీటికే కాపలా తక్కువ. వీటి విషయంలో అడ్డుపడడం పనికిరాదు, ఎందుకంటే రోజుకి వంద ఫైళ్లు చెరుపుతాం. ఇక్కడ కావలసింది వెనక్కి వచ్చే దారి. జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్స్‌లో స్నాప్‌షాట్ తీసుకోవడం క్షణాల పని, మార్పులకి మాత్రమే చోటు ఖర్చవుతుంది. రూట్ స్నాప్‌షాట్‌ని కూడా చెరపగలడు కదా అంటారా? జెడ్ఎఫ్ఎస్‌లో దాని మీద "హోల్డ్" పెడితే, ఆ హోల్డ్ తీసేదాకా చెరిపే కమాండ్ పనిచెయ్యదు. అమెజాన్ ఎస్3 ఆబ్జెక్ట్ లాక్ ఇంకా కఠినం. కంప్లయన్స్ మోడ్‌లో గడువు పెట్టి దాచిన ఫైల్‌ని ఆ గడువు తీరేదాకా అకౌంట్ రూట్ యూజర్ కూడా చెరపలేడు. అడ్మిన్ తనకి తానే ముందుగా చేతులు కట్టేసుకోవడం అన్నమాట. బ్యాకప్‌ల కోసం వచ్చే రాన్సమ్‌వేర్‌కి ఇది మంచి విరుగుడు.

ఈ నాలుగు అరలకీ ఒకటే షరతు. తాళంచెవి యంత్రం యజమాని దగ్గరే ఉండాలి. తియ్యడం కష్టంగా ఉండొచ్చు, రీబూట్ చెయ్యాల్సి రావొచ్చు, లాగ్‌లో నమోదు కావొచ్చు. అసలు లేకుండా మాత్రం పోకూడదు. కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు: ఆపరేటింగ్ సిస్టమ్ అడ్మిన్‌ని ఆపొచ్చు, ఆపాలి కూడా, కానీ ఎలా దాటాలో చెప్పి ఆపాలి. మొదటి అర మాత్రమే దీనికి మినహాయింపు. మీలో చాలామంది ఒప్పుకోకపోవచ్చు, ముఖ్యంగా ఆ మినహాయింపు దగ్గర. క్లబ్ సమావేశంలో వాదించుకుందాం.

చేసి చూడండి

చదివి వదిలెయ్యకుండా ఒక గంట కేటాయించండి. ఇవన్నీ వర్చువల్ మెషీన్‌లోనే, అదీ ముందు స్నాప్‌షాట్ తీసుకున్నాకే.

1. రూట్‌గా ఒక డైరెక్టరీకి హార్డ్ లింక్ పెట్టబోయి ఏ సందేశం వస్తుందో రాసుకోండి. సింబాలిక్ లింక్ మాత్రం ఎందుకు ఒప్పుకుందో ఆలోచించండి.

2. ఒక ఫైల్‌కి "చాట్టర్ ప్లస్ ఐ" ఇచ్చి రూట్‌గా చెరపబోండి. తర్వాత గుర్తు తీసి చెరపండి. 2016 తర్వాత ఫర్మ్‌వేర్ ఫైళ్లకి చేసింది ఇదే.

3. చిన్న స్వాప్ ఫైల్ తయారుచేసి, ఆన్ చేసి, చెరపబోండి. ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

4. ఇది వర్చువల్ మెషీన్‌లో కాదు, మీ సొంత ల్యాప్‌టాప్‌లో. మీ ప్రాజెక్టు బ్యాకప్ ఎక్కడుందో వెతికి, అందులోంచి ఒక్క ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లోకి తిరిగి తెచ్చుకుని తెరిచి చూడండి. గిట్‌ల్యాబ్‌లో ఆ రాత్రి బ్యాకప్ తీసే ఏర్పాట్లు ఒకటికి మించే ఉన్నాయి. రోజువారీ డేటాబేస్ బ్యాకప్ ప్రోగ్రాము వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిలవుతోందని, ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా చేరలేదని అప్పుడే బయటపడింది. చివరికి ఆదుకున్నది అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. మొదటి మూడూ చెయ్యకపోయినా ఈ నాలుగోది ఈ వారంలోనే చెయ్యండి.